తాతను దించాలా, వద్దా

రోలర్లు తిరుగుతున్నప్పుడు ఆ లాండ్రీలో ఒక మనిషి మాట ఇంకొకరికి వినపడదు. వినపడేది మేస్త్రమ్మ గొంతు ఒక్కటే. మడతల విభాగానికి మేస్త్రి అయిన రోజు నుంచి యజమాని మొదలుకొని వీధి చివర మందుల షాపాయన దాకా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి ఇంట్లో పొరపాటున "మేస్త్రమ్మా" అనేశాడు. ఆ సాయంత్రం అతన్ని పలకరించిన నాథుడు లేడు.

లాండ్రీ అంటే నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసే కొట్టు అనుకునేరు. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ వచ్చేది అక్కడికే. పెద్ద డ్రమ్ముల్లో ఉతికి, పిండి, మంచమంత వెడల్పున్న వేడి రోలర్ల మధ్య నుంచి పంపిస్తారు. అటువైపు దుప్పటి చదునుగా, ఆవిర్లు కక్కుతూ బయటికి వస్తుంది. అక్కడ ఇద్దరు మనుషులు కాచుకుని ఉంటారు. చెరో రెండు మూలలు అందుకుని, వెనక్కి అడుగేసి, ఒక్క విదిలింపు విదిలించి, పొడుగునా మడిచి, ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి మూలలు ఇంకొకరి చేతికి అందిస్తారు. చేతులు చెవుల పైకి లేవాలి. లేవకపోతే దుప్పటి నేలకు తగులుతుంది, తగిలిందంటే మళ్ళీ డ్రమ్ములోకే. ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి, ఒకే ఊపు ఊపాలి. ఇక్కడ జంట కుదరడం పెళ్ళి కుదరడం కన్నా కష్టమని అక్కడి వాళ్ళు అంటారు, రెండూ చూసినవాళ్ళు గనక నమ్మాల్సిందే.

మేస్త్రమ్మకు కుదిరిన జంట ఆవిడ వదిన, అంటే మొగుడికి సొంత అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈ ఇంట్లో ఆ వాటా ఇంకా పెద్దది. మొగుడితో ఏడాదికి మాట్లాడే మాటలు ఆవిడ వదినతో ఒక్క వారంలో మాట్లాడేస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న ఈ పిల్లను చెయ్యి పట్టుకుని లాండ్రీకి తీసుకెళ్ళి, రోలరు ముందు నిలబెట్టి, మూలలు ఎలా పట్టుకోవాలో నేర్పింది వదినే. మొదటి ఏడాది "మీరు, మీరు" అంటూ దుప్పటికి అటువైపు నుంచి పలికిన మేస్త్రమ్మ గొంతు, రెండో ఏడాదికి "ఏంటి వదినా నువ్వు, కాస్త చూసుకో" అనే దాకా వచ్చింది. మేస్త్రి పదవి మొదట వదినకే ఇస్తామన్నారు. "నాకు అరవడం రాదు, మా మరదలికి పుట్టుకతోనే వచ్చు" అని వదిన దాన్ని ఇటు తోసేసింది.

ఫుట్‌బాల్ పిచ్చి అంటించింది కూడా వదినే. కొత్త కోడలు వంటింటి గుమ్మంలో బెదురుగా నిలబడి ఉంటే, లాక్కొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. "నీలం చొక్కాల వాళ్ళు మనవాళ్ళు. మిగతావాళ్ళందరూ శత్రువులు. ఈ ఇంట్లో నువ్వు నేర్చుకోవాల్సింది ఇంతే" అంది. అంత తేలిగ్గా అర్థమైన అత్తింటి నియమం మరొకటి లేదని మేస్త్రమ్మ ఇప్పటికీ అంటుంది. పాపం ఆ ఇంట్లో మగమనిషికి మాత్రం ఆట పట్టదు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ టీ పెట్టి తెచ్చివ్వడం అతని వంతు.

ఇక ఆ నీలం చొక్కాల వాళ్ళ సంగతి. గంటకు పైగా రాజుల్లా ఆడతారు. ఆఖరి పావుగంట వచ్చేసరికి ఎవరో దిష్టి పెట్టినట్టు కాళ్ళు తడబడతాయి, గెలిచిన మ్యాచ్ చేజారిపోతుంది. ఇల్లలకగానే పండగ కాదని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఏడాది వీళ్ళ మీద గోల్స్ అన్నీ ఎడమవైపు నుంచే పడుతున్నాయి. ఎడమవైపు కాపలా కాసేది తాత. మనిషికి నలభై కూడా నిండలేదు గానీ మైదానంలో అదే ముసలితనం. ఎన్నో ఏళ్ళుగా అదే జట్టు, అదే చోటు. మేనేజరు ఎండైనా వానైనా టోపీ తియ్యడు గనక అతన్ని టోపీ అంటారు. టోపీ అందర్నీ మారుస్తాడు, తాతను మార్చడు. ఆ ఊళ్ళో సోమవారం పొద్దున నలుగురు కలిశారంటే ఇదే గొడవ.

లాండ్రీలో ఆ గొడవ జరిగేది బాయిలరు గది పక్కన, వెచ్చటి గొట్టాల దగ్గర, టీ గ్లాసులతో.

"టోపీకి బుర్ర లేదు," అన్నాడు వ్యాను డ్రైవరు. ఆసుపత్రులకు దుప్పట్లు చేరవేసేది అతనే. "నిన్న మధ్యలోవాణ్ణి మార్చాడు, ముందువాళ్ళిద్దర్నీ మార్చాడు. గోల్స్ ఎటునుంచి పడుతున్నాయో అటు మాత్రం చెయ్యి పెట్టడు."

"ఆఖర్లో కావాల్సింది కాళ్ళు కాదయ్యా, తల," అంది మేస్త్రమ్మ. "తాతకి తలుంది. నిన్న కాక మొన్నొచ్చిన పిల్లాణ్ణి దింపితే వాడికేం తెలుస్తుంది?"

"తల ఉంది, కాదనను," అన్నాడు బాయిలరాయన. నెమ్మదిగా మాట్లాడే మనిషి, మాట మాత్రం పదును. "అవతలివాడు పక్కనుంచి దూసుకుపోతుంటే ఆ తల తిప్పి చూస్తున్నాడు. అంతవరకే."

"నువ్వు బాయిలరు వదిలి నాలుగడుగులు పరిగెత్తు, అప్పుడు చెప్పు. ఒడ్డున కూర్చుని లోతు చెప్పడం అందరికీ వచ్చు."

అప్పటిదాకా గ్లాసులోకి చూస్తున్న వదిన తలెత్తింది. "తియ్యాలే. మంచి మనిషే. ఇన్నాళ్ళు మోశాడు. కానీ అలిసిపోయాడు, చూస్తుంటే తెలీడం లేదూ? కూర్చోబెడితే ఆయనకీ సుఖం, జట్టుకీ సుఖం."

మేస్త్రమ్మకు చర్రున కోపం వచ్చింది. "నువ్వేనా వదినా ఈ మాట అనేది? అంత చేసిన మనిషిని ఇంతమంది ముందు పక్కకి లాగేస్తే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నేను బతికుండగా ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకోకపోతే టోపీ ఆగిపోతాడు పాపం," అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. మేస్త్రమ్మ టీ ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకుంది. వదిన మాత్రం నవ్వలేదు.

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆవిడ కోపం డ్రైవరు మీదా కాదు, తాత కోసమూ కాదు. ఆ సంగతి ఆవిడకే తెలుసు. వదిన కుడి భుజం పాడైంది. ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. అటక మీద డబ్బా కావాలంటే తమ్ముణ్ణి పిలవడం మొదలెట్టింది. జడ మానేసి ముడి పెట్టుకుంటోంది. లాండ్రీలో పొద్దున పూట బాగానే ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఆ చెయ్యి చెవి దాకా లేవదు, కుడి మూల రెండు వేళ్ళు కిందికి జారుతుంది. ఒక్క మూల జారితే మడత మొత్తం వంకర పోతుంది. మేస్త్రమ్మ ముందు దాన్ని తన వైపు నుంచి సరిచేసింది. మూలలు అందుకునే పని తను తీసుకుని, అందించే పని వదినకు వదిలింది. అడుగు తగ్గించింది. "రోలరు వేడెక్కింది" అని మధ్యలో ఆపి ఊపిరి తీసుకోనిచ్చింది. అయినా ఆఖరి గంటలో పేర్చిన దొంతరలు తాగినవాడిలా ఒరిగిపోతున్నాయి. పెద్దాసుపత్రి వాళ్ళు వాటిని వ్యానులోనే తిప్పి పంపారు.

యజమాని కిందికి దిగి వచ్చాడు. మంచివాడే గానీ పిరికివాడు, గట్టిగా మాట్లాడాల్సి వస్తే కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆ రోజు చాలాసేపు తుడిచాడు. "ఆఖరి గంటలో ఎవరో అలిసిపోతున్నారు మేస్త్రమ్మా. ఎవరో మీరే చూసి మార్చండి."

"ఎవరూ అలిసిపోవడం లేదండీ. రోలరు తేడా చేస్తోంది," అని ఆవిడ వెంటనే అనేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. యజమాని ఎవరి పేరూ ఎత్తలేదు మరి.

ఆ తర్వాత మేస్త్రమ్మ చేసిన మార్పులు చూడాలి! రోలరు వేగం తగ్గించమని బాయిలరాయన ప్రాణం తీసింది. టీ వేళ జరిపింది. ఏళ్ళ తరబడి కలిసి మడతలు పెడుతున్న జంటల్ని విడదీసి కొత్త జంటలు కట్టింది. పొడుగాటి మనిషికి పొట్టి మనిషిని జత చేస్తే దుప్పటి చూరులా వాలింది. మడతల్లో అందరికన్నా చురుకైన కొత్తావిడను తీసుకెళ్ళి మూటలు కట్టే చోట పెట్టింది. ఆవిడ నోరు తెరిచి ఏదో అడగబోయి, మేస్త్రమ్మ మొహం చూసి మళ్ళీ మూసుకుంది. ఇంత చేసినా వదిన ఉన్న చోటు నుంచి వదినను అంగుళం కదపలేదు. తిరిగొచ్చే దుప్పట్లు తగ్గకపోగా పెరిగాయి.

డ్రైవరు ఆ మూటలు దించుతూ ఉండబట్టలేక అన్నాడు. "మేస్త్రమ్మా, నేను టోపీని తిట్టినప్పుడల్లా మీకెందుకు కోపం వస్తుందో ఇప్పుడు తెలిసింది. ఆయనా ఇంతే. అందర్నీ మారుస్తాడు, మార్చాల్సిన చోటు తప్ప."

గొట్టాల దగ్గర ఉన్న బాయిలరాయన గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు, అది అప్పటికే కడిగిన గ్లాసు. వదిన ఆ వేళ అక్కడ లేకపోవడం ఒక్కటే అదృష్టం.

"నీ పని వ్యాను నడపడం. నడుపు," అంది మేస్త్రమ్మ. లోపలికి వెళ్ళి దుప్పట్ల బీరువాల మధ్య నిలబడింది. సిగ్గు వేసింది, భయం కూడా వేసింది. యజమాని వచ్చే వారం తనే వచ్చి ఆఖరి గంటంతా నిలబడి చూస్తానన్నాడు. చూస్తే ఒక్క దుప్పటితో దొరికిపోతుంది. అప్పుడా మాట అందరి ముందూ ఆయనే అంటాడు. అలా కాకూడదంటే ముందుగా తనే అనాలి. తనకు పని నేర్పిన మనిషితో, తన కోసం పదవి వదులుకున్న మనిషితో, "నీ వల్ల కావడం లేదు, తప్పుకో" అని ఏ నోటితో అనాలి? శనివారం ఇంటికి నడుస్తూ దారిలో చెబుదామనుకుంది. కూరల ధరల గురించి మాట్లాడి ఇల్లు చేరింది.

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్. మనవాళ్ళు ఒక గోల్ ముందున్నారు. మేస్త్రమ్మ మొగుడు, అదే వదినకు తమ్ముడుగారు, టీకి నీళ్ళు పెట్టాడు. వదిన సోఫాలో కుడి చెయ్యి కింద దిండు పెట్టుకుని కూర్చుంది. మేస్త్రమ్మ ఎప్పటిలాగే నేల మీద, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంది. రెండో సగం సగానికి వచ్చింది. ఎడమవైపు నుంచి అవతలివాడు ఒకసారి దూసుకొచ్చాడు, బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఇంకో నిమిషానికి మళ్ళీ వచ్చాడు, గోల్‌కీపరు కాలితో ఆపాడు. అప్పుడు తాత ఆగిపోయాడు. నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి బెంచీ వైపు ఊపాడు. మైదానం గీత దగ్గర, ఎవర్ని మారుస్తున్నారో చూపించే నంబర్ల పలక పైకి లేచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎర్రటి వెలుగులో తాత నంబరు కనిపించింది.

మేస్త్రమ్మ దిగ్గున లేచింది. "చూశావా! చివరికి అంత పనీ చేశాడు! అంత పెద్దమనిషిని గెలిచే మ్యాచ్ మధ్యలోంచి లాగేస్తాడా? ఎంత అవమానం వదినా! ఈ టోపీని తన్ని తగలెయ్యాలి!"

"కూర్చోవే," అంది వదిన.

"కూర్చోను. ఆయనకి ఎలా ఉంటుందో వీడికేం తెలుసు? ఎద్దు పుండు కాకికి నొప్పా?"

"టోపీ ఎక్కడ లాగాడు? తాతే అడిగాడు. నీ కళ్ళ ముందే చెయ్యెత్తి అడిగాడు, నువ్వే చూడలేదు." వదిన దిండు మీదున్న కుడి చెయ్యి చూపించింది. "నాకు ఆ చెయ్యే లేవడం లేదు. అందుకని నోటితో అడుగుతున్నా. నన్ను మార్చు."

టీవీలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మేస్త్రమ్మ ఆ చప్పట్లలోనే నిలబడిపోయింది.

"నీకు తెలుసా?" అంది చివరికి.

"నా భుజం సంగతి నాకు తెలీక నీకు తెలుస్తుందా? సీజనంతా చెబుతూనే ఉన్నాను గదే. తాతని తియ్యాలి, తాతని కూర్చోబెట్టాలి అని. ఇంకెలా చెప్పను? చెప్పిన ప్రతిసారీ నువ్వు ఇంతెత్తు లేచావు. బతికుండగా ఒప్పుకోనన్నావు. నేను తప్పుకుంటే నువ్వేమైపోతావోనని పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. రాత్రుళ్ళు నిద్ర లేదు."

"నిన్ను తీసేస్తే నువ్వేమైపోతావోనని నేను..."

"నాకేం? చిరుగులు కుట్టే బల్ల కిటికీ పక్కనే ఉంది. ఎండ వస్తుంది. కుర్చీ ఉంది. ఎప్పట్నుంచో దాని మీద కన్నేసి ఉన్నా."

మేస్త్రమ్మ సోఫా అంచున కూలబడింది. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఆవిడ అనుకుని అన్న మాట కాదు. "మరి నాతో ఎవరు మడతపెడతారు?" అంది, అని ఏడ్చేసింది. వదిన గౌరవం, వదిన మనసు, పదిమందిలో పరువు అంటూ ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్నదంతా పక్కకు పోయింది. దుప్పటికి అటువైపు వేరే మొహం కనిపించడం తనకే ఇష్టం లేదు. సంగతంతా అదే.

వదిన ఎడమచేత్తో ఆవిడ వీపు మీద తట్టింది. "ఆ కొత్తావిణ్ణి పెట్టుకో. చురుకైన మనిషి, మూటల దగ్గర కుళ్ళబెట్టకు. మొదట్లో నువ్వు మాత్రం నాతో కుదిరావా? నా కాళ్ళు తొక్కి తొక్కి చంపావు. నేనెవరికైనా చెప్పానా?"

అప్పుడే తమ్ముడుగారు టీ పళ్ళెంతో వచ్చాడు. భార్య ఏడుపు, అక్క తడి కళ్ళు చూసి నిలువునా బెదిరిపోయాడు. "ఓడిపోయామా?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే టీవీ వైపు తిరిగారు. స్కోరు సమానమైంది. గోల్ ఈసారి కుడివైపు నుంచి పడిందట.

"మరి ఎడమవైపాయన్ని ఎందుకు తీసేశారు?" అని అడిగాడా అమాయకుడు. దానికి వదినా మరదలూ కలిసి ఇచ్చిన జవాబు పక్కింటి దాకా వినపడింది. టీ మాత్రం బాగుంది.

యజమాని అన్నట్టే వచ్చి ఆఖరి గంటలో నిలబడ్డాడు, కళ్ళజోడు చేతిలో సిద్ధంగా పట్టుకుని. మేస్త్రమ్మ ఎదుట కొత్తావిడ ఉంది. దుప్పటి వచ్చింది. మూలలు అందుకున్నారు, విదిలించారు, నడిచారు. వదిన కోసం అలవాటు చేసుకున్న చిన్న అడుగు వెయ్యబోయి మేస్త్రమ్మ ఒక్క క్షణం వెనకబడింది. కొత్తావిడ కళ్ళతోనే కనిపెట్టి ఆగింది, మూలలు తిన్నగా చేతిలో పెట్టింది. మడత గీత గీసినట్టు వచ్చింది. అంత బాగా రావడం మేస్త్రమ్మకు కాస్త కోపం తెప్పించింది. సాయంత్రానికి ఆ కోపం పోయింది. యజమాని కళ్ళజోడు పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

వదిన మాత్రం బల్ల దగ్గర కూర్చున్న మూడో రోజుకే భరించలేని మనిషైంది. సూదిలో దారం ఎక్కిస్తూ, ఎవరి మడత జారిందో, ఎవరి అడుగు తప్పిందో అక్కణ్ణుంచే చెబుతుంది. అరవడం రాదన్నది ఎప్పటి మాటో. "బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి నోరెక్కువ!" అని మేస్త్రమ్మ కేకేస్తుంది. "కూర్చోబెట్టింది నువ్వే!" అని జవాబు వస్తుంది. డ్రైవరు తాత తర్వాత దిగినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. వాడికి తలే లేదట. బాయిలరాయన తాతను వెనక్కి పిలవాలంటున్నాడు. మేస్త్రమ్మకు చాలా రోజుల తర్వాత ఆ గొడవంతా మనసుకు హాయిగా ఉంది.

వచ్చిన ఆదివారం మ్యాచ్ సగం విరామంలో తీగ మీద ఆరిన దుప్పటి తెచ్చి, మేస్త్రమ్మ మంచం మీద పరుచుకుని ఒక్కతే మడవబోయింది. వదిన వచ్చి మంచానికి అటు చివర కూర్చుంది. "ఇలా తే," అని రెండు మూలలు అందుకుంది. మేస్త్రమ్మ కూడా నిలబడకుండా ఇటు చివర కూర్చుంది. చేతులు ఎత్తాల్సిన పని లేకుండా, ఒళ్ళోనే మడిచి, ఒకరి వైపు ఒకరు జరుగుతూ వచ్చారు. మధ్యలో కుడి మూల జారింది.

"వంకరొచ్చిందే," అంది వదిన.

"రానీ. ఇంటి దుప్పటి ఎవరు తిప్పి పంపుతారు?" అంది మేస్త్రమ్మ. వదిన వేళ్ళ మీద నుంచి మూలలు అందుకుని, ఆ వంకర మడతను అలాగే బీరువాలో పెట్టింది. అవతలి గదిలో రెండో సగం మొదలైందని తమ్ముడుగారు కేక వేశాడు.